బాతు తల, కొంగ కాళ్లు

సుత్తి పట్టుకుని మూడు నెలలైంది. ఏజెంట్ వరాహనరసింహానికి విసుగు ముక్కు దాకా వచ్చింది. ఢిల్లీలో పిస్టల్ ఇచ్చారు, బూటు మడమలో ట్రాన్స్‌మిటర్ అమర్చారు, చివరికి ఖరగ్‌పూర్ స్టేషన్లో రైలు చక్రాలు సుత్తితో కొట్టి చూసే పనికి తోలారు. పిస్టల్ ఒక్కసారీ పేలలేదు. ట్రాన్స్‌మిటర్ మొదటి వానకే చచ్చింది. రిటైరైన గార్డొకాయన తాల్‌బగీచా పేటలో అద్దెకిచ్చిన గదిలో దోమలు మాత్రం బ్రహ్మాండంగా పనిచేస్తున్నాయి.

చీఫ్ ఆర్డర్ క్లుప్తం. "కోట్ల ఏళ్ల కిందటి పక్షి, రాతిలో అచ్చుపడింది. ఏ పక్షి ఏ పక్షికి చుట్టమో తేల్చే సాక్ష్యం. విదేశీ ముఠా ఖరగ్‌పూర్ మీదుగా రైల్లో తీసుకెళ్లి విశాఖలో ఓడెక్కించబోతోంది. ఈసారీ చెయ్యిజారిందా, నీకిక ఉద్యోగం లేదు."

చూడ్డానికి ఎలా ఉంటుందో చీఫ్‌కే తెలియదు. అదీ మన డిపార్ట్‌మెంటు!

మధ్యాహ్నం విశాఖ పార్సిల్ రైలు కదలడానికి ఆరు నిమిషాలుంది. రైల్లోని సరుకుల వ్యాన్ తలుపు దగ్గర ఎర్రగౌనులో ఆలిస్ నిలబడి ఉంది. ముఠాలో ఉంటూ మనకు కబుర్లు చేరవేసే మనిషి.

"ఇంజన్ చల్లారిందా?" అన్నాడు నరసింహం కోడ్ ప్రకారం.

"నీళ్లు తాగిస్తున్నారు." వ్యాన్‌లోకి తీసుకెళ్లి రెండు పెట్టెలు తెరిచింది. "ఎడమది కొంగ. అసలుది ఇదే, పట్టుకుపో. కుడిది స్కూలు పిల్లల కోసం అతికించిన బొమ్మ. వదిలెయ్."

రెండింట్లోనూ రాతి పలకలే. కుడి పలక మీద బాతు తల, దాని కింద కొంగ కాళ్లు. ఎవడో తలా కాళ్లూ ఎక్కడెక్కడివో తెచ్చి అతికించినట్టుంది. నవ్వొచ్చింది. ఎడమ పెట్టె ఎత్తబోయాడు.

కింది నుంచి మేస్త్రీ నూకరాజు కేకేశాడు. "ఏటి సేస్తన్నావురా నర్సిమ్మం? సుత్తెయ్యకుండా దేన్నీ ఒగ్గేయొద్దని ఎన్నిసార్లు సెప్పినాను?"

మూడు నెలలుగా ఇదే పాట! కసికొద్దీ ఎడమ పలక మీద ఓ దెబ్బ వేశాడు. దబ్‌మంది. ప్లాస్టర్! కుడి పలక మీద మెల్లగా వేశాడు. ఖంగుమంది. పగులున్న చక్రం అలా మోగదు, అతుకున్న రాయీ అలా మోగదు. ఒకటే రాయి, ఒకటే పక్షి. బాతు తలా కొంగ కాళ్లూ పుట్టుకతో దానివే.

"ఆలిస్, ఇది అతికించింది కాదు."

ఆమె చేతిలోకి పిస్టల్ వచ్చింది. సుత్తి దెబ్బకి అది ఎగిరి పట్టాల మీద పడింది. గార్డు పచ్చజెండా ఎత్తాడు. విజిల్ కూసింది. నరసింహం కిందికి దూకి వ్యాన్ పక్కన సుద్దముక్కతో పెద్ద క్రాసు గీశాడు. చక్రం చెడిపోయిన వ్యాన్‌కు పెట్టే గుర్తది. ఆ గుర్తుంటే రైలు కదలదు. గార్డు పళ్లు నూరుతూ ఎర్రజెండా తీశాడు.

పలక దక్కింది. ఆలిస్‌ను పోలీసులు తీసుకెళ్లారు. నూకరాజు ఒక ఫారం తెచ్చి చేతిలో పెట్టాడు.

"రైలాపినావు గదా. సంజాయిషీ రాయి."

ఆలస్యానికి కారణం అన్నచోట నరసింహం ఉన్నదున్నట్టు రాశాడు: బాతుకు కొంగ కాళ్లు.

మూడో రోజున పైఆఫీసు నుంచి ఫారం తిరిగొచ్చింది. "కారణం సరిగా రాయవలెను."