గుమ్మం బయటి ప్రార్థన

పొద్దున్నే ఇడ్లీ పాత్ర పొయ్యి మీద పెట్టి, తుమ్మొస్తే వరమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. నిన్నటి నుంచీ జలుబు. కూతురు స్వర్ణలతకు రొమ్ము క్యాన్సరని తెలిసిన నాడే రేపల్లెలో ఇంటికి తాళం వేసి తెనాలి వచ్చేసింది. జలుబని తెలిస్తే అల్లుడు ఎక్కడ తిరిగి పంపేస్తాడోనని ఆమె దిగులు.

పోయినసారి కీమో తర్వాత స్వర్ణకు తెల్లకణాలు పడిపోయాయి. జ్వరమొచ్చి ఆసుపత్రి పాలైంది. తర్వాతి కీమో వాయిదా పడింది. ఈసారి కణాలు పెరగడానికి డాక్టరు ఇంజెక్షన్లు ఇచ్చి, ఇంట్లోకి ఎవర్నీ రానివ్వద్దన్నాడు. సోమవారం రక్త పరీక్షలో కణాలు సరిపడా ఉంటేనే కీమో.

"అత్తయ్యగారూ, జలుబు చేసిందా?" వంటింటి గుమ్మంలో అల్లుడు ఎబినేజర్.

"పోపు ఘాటు బాబూ."

"ఇడ్లీకి పోపేంటండి?"

వరమ్మ తల దించుకుంది.

"చర్చి నుంచి అన్నమ్మగారు ఫోన్ చేశారు. సాయంత్రం స్త్రీల సమాజం వాళ్లందర్నీ మీరు రమ్మన్నారంట."

"రోగి తల మీద తలా ఓ చెయ్యేసి ప్రార్థన చేస్తారు బాబూ. మా అమ్మ నాటి నుంచీ ఉన్న పద్ధతే."

"నా భయమంతా ఆ చేతుల గురించేనండి. వాళ్లని వద్దనండి. మీరూ తగ్గేదాకా రేపల్లె వెళ్లండి."

వరమ్మ గరిటె విసురుగా పెట్టింది. "బాపట్ల ఆసుపత్రిలో మీ మావయ్యగారిని ఒక్క పూట వదిలి, స్నానం చేసొద్దామని ఇంటికెళ్లా. తిరిగొచ్చేసరికి మంచం ఖాళీ. ఇక ఎవర్నీ వదిలి కదలను. మెడ పట్టి గెంటుకో."

గది తలుపు కొద్దిగా తెరుచుకుంది. మాస్కు కట్టుకున్న స్వర్ణ లోపలే నిలబడింది.

"నువ్వెళ్లబట్టి పోయాడా అమ్మా, నాన్న?"

వరమ్మ అటు అడుగేయబోతే స్వర్ణ తలుపు కాస్త మూసింది.

"కాదు. కానీ నువ్వుంటే నేను పోతానేమో. నాకు కీమో కావాలమ్మా. ఎన్ని వాంతులైనా కానీ, చేయించుకుంటా. నాకు బతకాలనుంది. నువ్వు వెళ్లు."

తను వదల్లేక పట్టుకున్న చెయ్యే బిడ్డను కిందికి లాగుతోందని వరమ్మకు అప్పుడు తెలిసొచ్చింది. కళ్లు తుడుచుకుని, సంచి సర్దుకుని, వీధి అరుగు మీదికి పోయి కూర్చుంది. ఎబినేజర్ అన్నం తినడానికి రమ్మని బతిమాలినా మళ్లీ లోపలికి రాలేదు.

తను పిలిచినవాళ్లని తనే ఆపి వెళ్లాలని సాయంత్రం దాకా ఆగి, ఆటోలు దిగిన ఆడవాళ్లకు గేటులో అడ్డం నిలబడింది.

"ఏంటొదినా, నువ్వే పిలిచి బిడ్డని చూడనివ్వవా?" అంది అన్నమ్మ.

"నేనే చూడకుండా పోతన్నా. ఒంట్లో కణాలు లేవు దానికి. మన తుమ్మే దానికి కత్తి."

"ప్రార్థనకొస్తే గుమ్మం దాటనివ్వకపోతే ఎట్టా?"

"గోడలు ప్రభువుకి అడ్డమా అన్నమ్మా? మనకేగా. ఇక్కణ్నించే పాడండి."

అన్నమ్మ కాసేపు మూతి ముడుచుకుంది. తర్వాత చెప్పులు విప్పకుండానే రోడ్డు మీద నిలబడి కీర్తన ఎత్తుకుంది. మిగతావాళ్లు అందుకున్నారు. కిటికీ అద్దం వెనక స్వర్ణ చేతులు జోడించింది. ఎబినేజర్ వచ్చి అత్తగారి సంచి అందుకున్నాడు.

"నేనే దింపొస్తానండి. పొద్దున అలా అన్నందుకు..."

"నువ్వనకపోతే ఎవరంటారు బాబూ? నువ్విక్కడే ఉండు. అన్నమ్మ బస్టాండులో దింపిద్ది."

స్వర్ణ కిటికీ లోంచి కేకేసింది. "తగ్గగానే వచ్చెయ్యాలమ్మా."

"రాకపోతే నీ తలకి నూనె ఎవరు రాస్తారే?"

"జుట్టేదీ?" గుండు తడుముకుని నవ్వింది స్వర్ణ.

"వచ్చిద్దిలే. నేనూ వస్తా," అంటూ వరమ్మ ముక్కు తుడుచుకుని ఆటో ఎక్కింది.