గుల్లలు గీకే చప్పుడు

మధ్యాహ్నం అన్నం బెల్లు కొట్టగానే పిల్లలందరూ పళ్ళేలు పట్టుకుని పరుగెత్తారు. హేమలత మాత్రం సైన్సు గదిలోకి వెళ్ళింది. గాజుతొట్టి ముందు బిగుసుకుపోయి నిలబడింది.

నిన్నటి దాకా తొట్టిలో ఎనిమిది నత్తలు. ఈరోజు ఏడే. ఎనిమిదోది అడుగున పడి ఉంది గానీ, లోపల నత్త లేదు. ఉత్త గుల్ల. నల్లగా నిగనిగలాడే గుల్ల కాస్తా సుద్దముక్కలా తెల్లబడింది. దాని నడినెత్తిన ఒక కన్నం కూడా ఉంది.

ధర్మవరంలోని ఆ బడిలో హేమలత ఆరో తరగతి చదువుతోంది. సునంద మేడం అనంతపురం నుంచి ఆ నత్తలను తెచ్చి, నెలన్నరలో సైన్సు ప్రదర్శన ఉందని, అప్పటి దాకా జాగ్రత్తగా చూసుకోమని ఆమెకే అప్పగించారు. అన్నిటికంటే పెద్ద నత్తకు హేమలత ‘గుండక్క’ అని పేరు కూడా పెట్టుకుంది.

"తొట్టిలో ఏదో ఉండాది," అంది వెనక నుంచి ఒక గొంతు.

హేమలత ఉలిక్కిపడింది. చూస్తే, పక్క బెంచీలో కూర్చునే భారతి.

"మనకు కనపడనిది. అదే వీటిని ఒక్కోదాన్ని తింటాండాది."

"పోవే, ఏమీ లేదు!" అంది హేమలత. అన్నదే గానీ మళ్ళీ తొట్టిలోకి తొంగి చూసింది. ఆ నీళ్ళు ఎంత తేటగా ఉన్నాయంటే, అసలు నీళ్ళున్నట్టే లేదు. నత్తలు ఉత్త గాలిలో వేలాడుతున్నట్టున్నాయి.

సునంద మేడం వచ్చి ఖాళీ గుల్లను చేతిలోకి తీసుకున్నారు. దాన్ని చాలాసేపు చూశారు.

"హేమా, నీళ్ళు నేను చెప్పినట్టే పోస్తాండావా?"

"అట్లే పోస్తాండా మేడం."

అది పచ్చి అబద్ధం. మేడం చెప్పింది వేరు. బడి కొళాయిలో వచ్చే బోరు నీళ్ళను బకెట్లో పట్టి ఒక రోజు ఉంచాలి, బ్లీచింగ్ ఘాటు పోయాకే తొట్టిలో పోయాలి. హేమలత నాలుగు రోజులు అలాగే చేసింది. కానీ ఆ నీళ్ళకు గాజు మీద తెల్లటి చారలు పడ్డాయి. ఎంత తుడిచినా పోలేదు. అది ఆమెకు నచ్చలేదు.

వాళ్ళ నాయన మార్కండేయ పట్టు నూలుకు రంగులు వేస్తాడు. లేత రంగులకు ఫిల్టర్ నీళ్ళే వాడతాడు. ఇంట్లో తాగేవీ ఆ నీళ్ళే. మనుషులకూ పట్టుకూ మంచి నీళ్ళు, నత్తలకు మాత్రం బోరు నీళ్ళా? అనుకుని, హేమలత రోజూ రెండు సీసాలు ఇంటి నుంచి తెచ్చి పోసింది. మూడు వారాలకు తొట్టి తళతళలాడింది. హెడ్మాస్టరు గారు భుజం తట్టి మెచ్చుకున్నారు. ఆ మెచ్చుకోలు బాగా తలకెక్కింది. ఇప్పుడు నిజం చెబితే అది కాస్తా పోతుంది. అందుకే అబద్ధం ఆడింది.

మరునాడు మధ్యాహ్నం బయట దుమ్ముగాలి. సైన్సు గది కిటికీలన్నీ మూసేశారు. లోపల ఎవరూ లేరు. హేమలత తొట్టి దగ్గరికి వెళ్ళి గాజుకు చెవి ఆనించింది.

కర్... కర్...

సన్నగా, ఆగకుండా వినిపిస్తోంది. గోరుతో సుద్దముక్కను గీకినట్టుంది.

గుండక్క ఒక చిన్న నత్త వీపు మీదికి ఎక్కి ఉంది. పాపం, ఆడుకుంటున్నాయి అనుకుంది హేమలత. కళ్ళు దగ్గరగా పెట్టి చూసింది. గుండక్క నోరు తెరుచుకుంటోంది, మూసుకుంటోంది. దాని కింద చిన్న నత్త గుల్ల మీద అప్పుడే పడిన తెల్లటి గుంట! గుండక్క వీపు మీద ఇంకొకటి గీకుతోంది. దాని మీద మరొకటి.

కనపడనిదేదో తినడం లేదు. అవే ఒకదాన్నొకటి తింటున్నాయి. ఏ దయ్యమో కనపడినా హేమలతకు అంత భయం వేసేది కాదు.

బడి వదలగానే ఒక్క పరుగున ఇంటికి చేరింది. మార్కండేయ షెడ్డులో పట్టు నూలును రంగునీళ్ళలో కర్రతో తిప్పుతున్నాడు.

"నాయనా! మా నత్తలు ఒకదాన్నొకటి తింటాండాయి!"

"ఏమప్పా, ఎవురు చెప్పినారు నీకు?"

హేమలత చూసిందంతా చెప్పింది. సీసాల సంగతి కూడా దాచలేదు. మార్కండేయ కర్ర పక్కన పెట్టాడు.

"అవి తినేది బతికున్న నత్తను గాదు, దాని గుల్లను. గుల్లసున్నం అనే మాట ఇన్లేదా? గుల్లలు కాల్చి చేసే సున్నం అది. గుల్లంటేనే సున్నం."

బోరు నీళ్ళు కాచే అండా అంచున పేరుకున్న తెల్లటి పొరను చూపించాడు. "ఇదీ సున్నమే. ఇది తగిలితే నా లేత రంగులు చెడతాయి. అందుకే ఇది తీసేసిన ఫిల్టర్ నీళ్ళు తెచ్చుకుంటా. పట్టుకు అవి మంచివి."

"నత్తలకో?"

"నువ్వే చెప్పు తల్లీ. సున్నం లేని నీళ్ళలో అవి గుల్ల దేంతో కట్టుకుంటాయి?"

హేమలతకు ఏడుపు ఆగలేదు. తొట్టిలో సున్నం ఎక్కడా దొరక్క, పక్కదాని వీపు మీదిది గీక్కుంటున్నాయి. వాటికి ఆ గతి పట్టించింది తనే.

మరునాడు బెల్లు కాకముందే మేడం దగ్గరికి వెళ్ళింది.

"మేడం, మొన్న అబద్ధం చెప్పినా. నేను ఫిల్టర్ నీళ్ళు పోసినా. ఆ నత్త నా వల్లే చచ్చిపోయింది."

"నేను అడిగిన దినమే చెప్పింటే బాగుండు," అన్నారు మేడం. "సరే, పద. నీళ్ళన్నీ ఒకేసారి మార్చగూడదు, అవి తట్టుకోలేవు. దినానికి ఒక చెంబు తీసి, నిలవ పెట్టిన కొళాయి నీళ్ళు ఒక చెంబు పొయ్యి. వాటికి సున్నం గూడా కావల్ల. గుడ్డు పెంకుల్లో ఉంటాది."

ఆ రోజు అన్నంలో గుడ్డు పెట్టారు. హేమలత అందరి పళ్ళేల దగ్గరికీ వెళ్ళి పెంకులు ఏరింది. పిల్లలు ముసిముసిగా నవ్వారు. నవ్వితే నవ్వారు. భారతి కూడా వచ్చి సాయం పట్టింది. ఇద్దరూ పెంకులు కడిగి, ఎండబెట్టి, నలిపి తొట్టిలో వేశారు.

అయినా ఆ చప్పుడు వెంటనే ఆగలేదు. రెండో రోజు చిన్న నత్త చచ్చిపోయింది. హేమలత దాన్ని తీసి మట్టిలో పెట్టింది. ఐదో రోజు గాజుకు చెవి ఆనిస్తే మళ్ళీ కర్ కర్. ఊపిరి బిగబట్టి చూసింది. గుండక్క గుడ్డు పెంకును గీకుతోంది.

ప్రదర్శన రోజు తొట్టి గాజు నిండా తెల్లటి చారలే. లోపల ఆరు నత్తలు. గుండక్క గుల్ల అంచున గోరు వెడల్పున నల్లగా కొత్త గుల్ల వచ్చింది. పాత గుంటలు మాత్రం పూడలేదు. అవి ఇక పూడవని మేడం ముందే చెప్పారు.

వేరే బడి నుంచి వచ్చిన సారు ఒకాయన వంగి చూశారు. "ఏం పాపా, వీటికేం తెగులు? ఇన్ని గుంటలేంది?"

హెడ్మాస్టరు గారు కూడా ఆగి ఇటు చూశారు. తెచ్చినప్పుడే ఇలా ఉన్నాయని అంటే సరిపోయేది. ఎవరూ అడగరు.

"తెగులు గాదు సార్," అంది. "నేను చేసిన తప్పు. ఇట్ల రాండి, ఏం చేసినానో చెప్తా."

ఆమె గుండక్క వీపు మీది గుంటలకు ఎదురుగా గాజు మీద వేలు పెట్టింది.