ఆవిరి వదలని వాల్వు

నాదెండ్ల దారిలో ఉన్న ఆ పత్తిగింజల నూనె మిల్లులో కృపానందానికి అది వరసగా రెండో డ్యూటీ. రావాల్సినవాడు రాకపోతే ఉన్నవాడి నడ్డి విరగాల్సిందేగా! ఒళ్లంతా పచ్చిపుండులా ఉంది. ఈ ఒక్క ట్యాంకుకీ ఆవిరి పెట్టేస్తే చాలు, ఇంటికిపోయి మంచం మీద పడి, పెళ్లాం ఆరోగ్యమ్మ అన్నానికి పిలిచినా లేవకూడదనుకున్నాడు.

గింజలు ఉడికించే ట్యాంకు అది. దాని ఆవిరి గొట్టం మీద ఇనప టోపీ పెట్టుకున్న కంట్రోల్ వాల్వు ఉంటుంది. ప్యానెల్ రూంలో కూర్చున్న సుమన్ మీట నొక్కితే, సన్నటి పైపులోంచి గాలి వచ్చి వాల్వు రాడ్డును పైకి లేపుతుంది, ఆవిరి లోపలికి పోతుంది. గాలి ఆగితే స్ప్రింగు రాడ్డును దించి మూసేస్తుంది. సిమెంటు ఫ్యాక్టరీలో చూడు, పాల డెయిరీలో చూడు, ఇదే వాల్వు. తెరవమంటే తెరుస్తుంది. లోపల ఎవరున్నారో దానికేం తెలుసు?

నిరుడు ఎండాకాలం మనోజ్ అనే కుర్రాడు ఇదే ట్యాంకు లోపల కడుగుతుండగానే ఎవరో చూసుకోకుండా ఆవిరి వదిలారు. లోపలే పోయాడు. పాపం, పాతికేళ్లు కూడా లేవు పిల్లోడికి. అప్పట్నుంచీ మూత బిగించేముందు స్పానర్‌తో ట్యాంకు మీద కొడతారు. లోపల మనిషుంటే తిరిగి కొడతాడు. పనివాళ్లు తమకు తాము పెట్టుకున్న రివాజు అది.

ఆ సాయంత్రం ఖలందర్ ట్యాంకు కడిగి బయటికి రావడం కృపానందం కళ్లారా చూశాడు. తను కుళాయి దగ్గరికెళ్లి మొహం కడుక్కొచ్చి మూత బిగించేశాడు. కొట్టలేదు. చెయ్యి లేవలేదు, అంతే.

పొద్దు గుంకుతోంది. షెడ్డంతా నానిన పిండి వాసన. దూరంగా బాయిలర్ రొద తప్ప చప్పుడు లేదు.

"సుమనూ, వదులు," అన్నాడు ఫోన్లో.

"వదిలా అన్నా. ఫుల్ ఓపెన్."

రాడ్డు కదల్లేదు. గేజీ చూశాడు, గాలి నిండుగా వస్తోంది.

"ఏంది దీని గోల!"

విసుక్కుంటూ, వాల్వును చేత్తో తెరవడానికీ మూయడానికీ పక్కనున్న చక్రం పట్టుకుని తిప్పాడు. కాస్త తిరిగింది... వెనక్కొచ్చింది. మళ్లీ తిప్పాడు. అటువైపు ఎవరో పట్టుకున్నట్టు మళ్లీ వెనక్కొచ్చింది. ఆవిరి గొట్టం పక్కనే ఉన్నా చక్రం చల్లగా ఉంది.

టక్.

ట్యాంకు లోపల్నించి.

టక్... టక్...

"ప్రభువా! సుమన్, గాలి ఆపు! ఆపరా!"

గబగబా మూత బోల్టులు ఊడదీశాడు. అడుగున టార్చి వెలుగుతోంది. పక్కనే ఖలందర్, స్పృహ లేకుండా. మర్చిపోయిన టార్చి కోసం మళ్లీ దిగి, వేడికి సొమ్మసిల్లాడు. బయటికి లాగి మొహాన నీళ్లు కొడుతూ కృపానందం భోరుమన్నాడు.

"నిన్ను చంపేసేవాణ్ణిరా... నా చేతుల్తోనే..."

ఖలందర్ మెల్లగా కళ్లు తెరిచాడు. "లోపల నా తల ఒళ్లో పెట్టుకుంది నువ్వేగా అన్నా?"

"నేనా? నేను బయటుంటిని. మరి ట్యాంకు కొట్టింది..."

"నాకు చెయ్యే లేవలా," అన్నాడు ఖలందర్.

అతన్ని ఆటోలో నరసరావుపేట ఆసుపత్రికి పంపారు. ఆవిరి పెట్టందే ఇంటికి పోవద్దన్నాడు మేనేజరు. తిట్టడానిక్కూడా ఓపిక లేదు కృపానందానికి. టార్చి వేసి ట్యాంకంతా వెతికాడు. ఖాళీ. మూత బిగించి, ఈసారి స్పానర్‌తో కొట్టాడు. చెవి ఆనించి చానాసేపు విన్నాడు. బదులు లేదు.

"వదులు."

రాడ్డు సాఫీగా లేచింది. ఆవిరి బుస్సున లోపలికి పోయింది.

టక్.

టక్... టక్... టక్‌టక్‌టక్...

"ఆపు సుమన్! ఆపు!"

"ఆపేశా అన్నా. ఇక్కడ మూసుకున్నట్టే చూపిస్తోంది."

రాడ్డు పైనే ఉంది. కృపానందం చక్రాన్ని రెండు చేతుల్తో పట్టుకుని వేలాడాడు. కదల్లేదు. లోపల చప్పుడు ట్యాంకు అడుగు నుంచి మూత దాకా ఎక్కొచ్చింది.

నిరుడు మనోజ్ కూడా ఇట్టాగే కొట్టి ఉంటాడు.