సగంలో ఆగిన పదకొండో ట్రాకు

భీమిలి బస్సులో నలభై మంది ఒకే పాట వింటున్నారు. ఒక్కరి తల కూడా పక్కవారి తలతో కలిసి ఊగడం లేదు. దమయంతి ఒళ్లో బేస్ గిటారు పెట్టుకుని ఈ వింత చూస్తూ కూర్చుంది. వింత ఆమెకే, మిగతావాళ్లకు అది మామూలు మంగళవారం.

అందరి చెవుల్లోనూ అనుశ్రుతిపూస ఉంటుంది. బియ్యపుగింజంత ఉండే ఆ పరికరం మనిషి మనసు కనిపెట్టి పాటను అప్పటికప్పుడు మార్చి వినిపిస్తుంది. దిగులుగా ఉన్నవాడికి నెమ్మదిగా, తొందరలో ఉన్నవాడికి వేగంగా. నచ్చని మాట తీసేసి నచ్చే మాట పెడుతుంది. పూసల్లోకి ఎక్కించాక అసలు రికార్డులను ఎవరూ దాచి ఉంచలేదు. ఇరవై ఏళ్లుగా లోకంలో నచ్చని పాటంటూ లేదు. కలిసి పాడుకునే పాట కూడా లేదు గానీ, దాని గురించి ఎవరూ ఫిర్యాదు చేయలేదు.

డెబ్బై ఒక్కేళ్ల దమయంతి నెల కిందట తన పూస తీసేసింది. 'ఉప్పుగాలి' రాక్ బ్యాండులో ఆమెతో వాయించిన డ్రమ్మర్ కనకారావు అప్పుడే పోయాడు. సంస్మరణ సభలో అభిమానులు బ్యాండుకు పేరు తెచ్చిన పాట ఎత్తుకున్నారు. పల్లవి రెండో పాదానికే ఎవరి దారి వారిదైంది. అందరూ ఇబ్బందిగా నవ్వి కూర్చున్నారు. దమయంతి మాత్రం హడలిపోయింది. తను పాడింది కూడా తాము చేసిన పాట కాదు. అసలుది ఎలా ఉండేదో ఎంత తన్నుకున్నా గుర్తు రాలేదు.

బ్యాండులో ఇక మిగిలింది తనూ, గాయకుడు పాండురంగమూ. ఒక కంపెనీ ఈమధ్యే ఆమెకు డిస్కు పంపింది. స్టూడియో అటకమీద దొరికిన తమ పాత పాటలట. వాడకుండా వదిలేసినవి, చెడిపోయిన టేకులు, మొత్తం పదకొండు. సంకలనంగా విడుదల చేయడానికి ఇద్దరి సంతకాలూ కావాలి. సంతకం పెడితే అవీ పూసల్లోకి వెళ్లిపోతాయి. ఆలోపు ఒక్క పాటను, ఉన్నదున్నట్టుగా, ఇంకో మనిషితో కలిసి పాడాలని దమయంతి కోరిక. పాండురంగానికి ఫోనులో సంగతి చెప్పి, డిస్కు తీసుకుని బయల్దేరింది.

"పూస తీసెయ్ పాండూ," అంది భీమిలిలో అతని గుమ్మం ఎక్కుతూనే.

"తీసీడానికి అవదే. చెవులు పోయాక లోపల నాటించీసేరు. ఇది లేపోతే నువ్వు పిలిచినా వినపడదు." ఆమె మొహం చూసి పాండురంగం నవ్వాడు. "బెంగెట్టుకోకు. ఈ పాటలు దీనికి తెలీవు కదా. తెలీనిదాన్ని ఏటి మారుస్తాది?"

సబబుగానే తోచింది. అతని పాత స్పీకరులో పదకొండో ట్రాకు పెట్టి గిటారు అందుకుంది.

దమయంతి ఏనాడూ డ్రమ్ము విని వాయించలేదు. పెడల్ మీద కనకారావు కుడికాలు చూస్తూ వాయించేది. అతను మూడో దెబ్బ ఎప్పుడూ కాస్త ఆలస్యంగా వేసేవాడు. ఎన్ని తిట్లు తిన్నా మానలేదు. ఇప్పుడు స్పీకరులో ఆ దెబ్బ విని ఆమెకు ఏడుపొచ్చింది.

పల్లవి రెండోసారి వచ్చేసరికి పాండురంగం గొంతు కలిపాడు. గొంతు బొంగురుపోయింది గానీ మాట తప్పలేదు. ఆమె కూడా పాడింది. ఇద్దరి నోటా ఒకే మాట, ఒకే చోట. ఇరవై ఏళ్ల తర్వాత! దమయంతి ఆనందం పట్టలేకపోయింది.

రెండో చరణం సగంలో, స్పీకరులో కనకారావు చేతిలోంచి కర్ర జారిపడిన చప్పుడైంది. నలభై ఏళ్ల కిందటి నవ్వులు వినిపించాయి. ట్రాకు అక్కడితో అయిపోయింది. ఆమె ఆపేసింది.

పాండురంగం ఆపలేదు. కళ్లు మూసుకుని, ఎవరూ ఎన్నడూ రాయని చరణం పాడుకుంటూ పోతున్నాడు. ఉప్పుగాలి పాటలన్నీ ఎరిగిన పూసకు మిగతా సగం అల్లడం ఎంతసేపు?

"ఏటి, ఆపీసేవు?" అన్నాడు కళ్లు తెరవకుండానే. "కనకారావు చూడు, ఎంత బాగా అందుకున్నాడో!"

గదిలో ఫ్యాను చప్పుడు తప్ప ఏమీ లేదు. చెప్పేద్దామని ఆమె నోరు తెరిచింది. అంతలో అతని కుడికాలు కనిపించింది. అది నేల మీద తాళం వేస్తోంది. మూడో దెబ్బ కాస్త ఆలస్యంగా.

"అవును, బాగా వాయిస్తున్నాడు," అంది దమయంతి.

తన జన్మలో అంత ఒంటరిగా ఆమె ఎప్పుడూ వాయించలేదు. ఆ కాలి మీదే చూపు నిలిపి, తనకు వినిపించని ఆ పాట అయిపోయేదాకా వాయించింది.