దారి వెతుక్కునే కూత

మా షాపులో ఒక నియమం ఉంది. కస్టమరు కారులోకి మేం ఎక్కేముందు చెప్పులు విప్పాలి. పెట్టింది మా బావ. "మన పని కనబడకపోయినా పర్లేదు, మన చెప్పుల మట్టి మాత్రం కనబడకూడదు" అంటాడు. ఆ నియమమంటే నాకు చాలా గౌరవం, బావ చూస్తున్నంతసేపు. తల తిప్పాడంటే నా హవాయి చెప్పులు నా కాళ్ళకే ఉంటాయి.

బావంటే అక్క మొగుడు. కార్లలో స్టీరియోలూ స్పీకర్లూ బిగిస్తాడు. పద్దెనిమిదేళ్ళుగా పెద్ద స్పీకర్ల పక్కన తల పెట్టీ పెట్టీ ఎడమ చెవి ఎప్పుడో పోగొట్టుకున్నాడు. నేను తిట్టాలనుకున్నప్పుడల్లా ఆ వైపుకెళ్ళి నిలబడతాను. హాయిగా ఉంటుంది.

కుడి చెవి కూడా సగమే మిగిలిందని పోయిన నెల డాక్టరు చెప్పాడు. వెంట వెళ్ళింది నేనే. అక్కకి చెప్పొద్దన్నాడు. తిరిగొస్తూ దారిలో, "కారులో గోల ఎక్కడుందో వినలేనివాడి దగ్గరికి కారెవడు తెస్తాడే?" అని అడిగాడు. దేనికైనా ఠక్కున జవాబు చెప్పే నోరు నాది. ఆ రోజు మాత్రం బావ ఎడమ పక్క నుంచి కుడి పక్కకి మారి నడిచాను.

ఆ తర్వాత వచ్చిందే ఈ కారు.

తెచ్చింది ఒక పెద్దాయన. మండుటెండలో మోకాళ్ళదాకా రబ్బరు బూట్లు వేసుకొచ్చాడు. "కారులో చేపలేమైనా పెంచుతున్నారా పెద్దాయనా?" అన్నాను. నవ్వలేదు. తాళాల కోసం చెయ్యి చాస్తే నా చేతికివ్వలేదు.

"అక్కడ పెడతాలేమ్మా" అని బల్ల మీద పెట్టాడు. "ఇంజను తిరుగుతుంటే స్పీకర్లలోంచి కూత వస్తోంది. యాక్సిలరేటర్ నొక్కితే పెరుగుతుంది. మీది ఐదో షాపు."

"ఆ నలుగురూ ఏమన్నారు?" అన్నాడు బావ.

"విని చూస్తామన్నారు."

అంతే చెప్పి వెళ్ళిపోయాడు.

మా పనిలో ఆ కూత జలుబులాంటిది, రాని కారుండదు. డైనమోలో పుట్టి తీగల్లోకి ఎక్కుతుంది. ఎర్తు తీగ సరిగ్గా బిగించకపోతే స్పీకర్లో తేలుతుంది. "గోలకి మన మీద పగేం లేదే మరదలా. దానికి పోవడానికో దారి కావాలి. మనం చూపించకపోతే అదే వెతుక్కుంటుంది" అని బావ నాకు నేర్పిన మొదటి పాఠం.

మొదటి రోజు ఎర్తు తీగ విప్పి, పెయింటు గీకి, మెరిసే ఇనుము మీద మళ్ళీ బిగించాం. కూత పోలేదు. రెండో రోజు, స్టీరియో పాటని చప్పుడు పెంచే పెట్టెకి, అంటే యాంపుకి, మోసే సిగ్నల్ కేబుల్‌ని కరెంటు తీగకి దూరంగా కారు అవతలి వైపు నుంచి లాగాం. పోలేదు. మూడో రోజుకి బావ కళ్ళ కింద నల్లటి గుంటలు పడ్డాయి. స్క్రూ బిగిస్తూ బిగిస్తూనే కునుకు తీశాడు. "స్క్రూకి జోల పాడుతున్నావా బావా?" అంటే నవ్వడానికి కూడా ఓపిక లేదు. కూత ఎటునుంచి వస్తోందో ప్రతిసారీ నన్నే అడగాల్సి రావడం, అదీ అసలు అలసట.

మధ్యాహ్నం వీధి చప్పుడు తగలకుండా షట్టరు దించేశాం. పొగ గొట్టానికి తొడిగిన పైపుని గోడలో కన్నంలోంచి బయటికి తోశాం. లోపల ఒకే ఒక్క ట్యూబులైటు. వేడెక్కిన రబ్బరు వాసన. బావ చెప్పులు విప్పి, ముందు సీట్లో ఓ పక్కకి కూర్చుని, ఒక కాలు సిమెంటు నేల మీద పెట్టాడు. నేను వెనక సీట్లో ఉన్నాను. చెప్పులతోనే.

ఇంజను వేశాడు. ఊఁ... అని మొదలైంది.

"ఒక్కోటీ పీకుతూ పోదాం. ఏది పీకితే ఆగుతుందో దొంగ అదే. స్టీరియో పీకేశా."

"ఉంది బావా."

"యాంపు నుంచి సిగ్నల్ కేబుల్ తీసెయ్."

తీశాను. "ఉంది."

"ఇంజను ఆపేస్తున్నా."

ఇంజను ఆగింది. కూత ఆగలేదు. సన్నబడింది, అంతే. మెట్లు దిగుతున్నట్టు మెల్లగా దిగి, ఒక చోట నిలబడింది.

"యాంపు ఫ్యూజు తీసి నా చేతికివ్వు" అన్నాడు బావ. గొంతు తగ్గింది.

ఇచ్చాను. యాంపు ఎర్ర లైటు ఆరిపోయింది. కారులో ఇక మోగడానికి ఏమీ లేదు.

ఊఁ...

తలుపు స్పీకరు అట్ట మీద వేలు పెట్టాను. అట్ట కదలడం లేదు. కొంచెం కూడా. అయినా చప్పుడు అక్కణ్ణుంచే. వేలి మీద వెచ్చటి గాలి తగిలింది. చాలా రోజులు మూసి ఉంచిన నోరు తెరిస్తే వచ్చే వాసన.

"ఆగిందా?" అని గుసగుసగా అడిగాడు.

"నీకు వినబడట్లేదా?"

బావ తల అడ్డంగా ఊపాడు. ఆ మొహం చూడలేకపోయాను. ఆగిపోయింది బావా అని ఒక్క అబద్ధం ఆడి ఉంటే సరిపోయేది. రోజుకి పది ఆడతాను. ఆ ఒక్కటీ ఆడలేదు.

"ఉంది. సన్నగా."

బావ పెట్టెలోంచి పాత స్క్రూడ్రైవరు తీశాడు. జానెడు పొడుగు, పిడి ఎప్పుడో ఊడిపోయి మొత్తం ఇనుపకడ్డీ. ఇంజనులో ఏ బేరింగు అరిగిందో తెలియాలంటే ఒక కొస అక్కడ ఆనించి, రెండో కొస చెవి వెనక ఎముకకి ఆనిస్తారు. చప్పుడు ఎముక గుండా వస్తుంది. చెవి సగం పోయినా ఎముక అబద్ధం చెప్పదంటాడు.

ఒక కొస స్పీకరు చట్రానికి. రెండో కొస ఎడమ చెవి వెనక.

కూత ఠక్కున ఆగిపోయింది.

ట్యూబులైటు గుయ్యిమనడం వినబడింది. బావ కళ్ళు మూసుకుని ఉన్నాడు. నేల మీది కాలి వేళ్ళు ఒక్కసారి ముడుచుకున్నాయి.

"దొరికింది" అన్నాడు నవ్వుతూ. "మరదలా... ట్యూబులైటు వినబడుతోందే. ఎడమ చెవితో!"

నాలుగింటికి పెద్దాయన వచ్చాడు. ఇంజను వేసి, యాక్సిలరేటర్ నొక్కి విన్నాడు. ఏమీ లేదు. కారు దిగి, "ఎవరు విన్నారమ్మా?" అని అడిగాడు.

"మా బావే!" అన్నాను గొప్పగా.

ఆయన బావ మొహం చూడలేదు. చెప్పుల్లేని పాదాలవైపు చాలాసేపు చూశాడు. తర్వాత కుర్చీలో కూర్చుని రబ్బరు బూట్లు విప్పి మా బల్ల కిందకి నెట్టాడు. పాదాలు ఎన్నేళ్ళుగానో ఎండ చూడనట్టు తెల్లగా, ముడతలు పడి ఉన్నాయి.

"ఉంచుకోండి. ఇక నాకు అక్కర్లేదు." ఉత్త కాళ్ళతో కారెక్కి వెళ్ళిపోయాడు.

"బహుమతి బావా! నీ సైజే" అన్నాను. ఇద్దరం నవ్వుకుని, బూట్లు అక్కడే వదిలేసి, షట్టరుకి తాళం వేసి ఇంటికొచ్చాం.

అక్క వంటింట్లోంచి ఎడమవైపునుంచి పిలిస్తే, బావ మొదటి పిలుపుకే పలికాడు. అక్క గరిటె పట్టుకునే బయటికొచ్చింది. "ఇంకోసారి పలకవా" అంటూ కళ్ళు తుడుచుకుంది. ఆ ఇంట్లో అంత సంబరం చూసి ఎన్నాళ్ళయిందో.

రెండు ముద్దలు తిన్నాడో లేదో, బావ చెయ్యి ఆగిపోయింది.

"ఆ ఫ్యాను ఆపండి."

ఆపాను.

"ఫ్రిజ్జు కూడా."

అక్క ప్లగ్గు పీకింది.

"మెయిను ఆపెయ్యండి."

ఇల్లంతా మసక చీకటి. ఒక్కోటీ పీకుతున్నాం. ఆ లెక్క నాకు తెలుసు.

"ఇంకా ఉందే..." అన్నాడు నీరసంగా. "సన్నగా."

లేచి వెళ్ళి బావ భుజం మీద చెయ్యి వేశాను. వంగి, ఎడమ చెవికి నా చెవి దగ్గర పెట్టాను.

ఊఁ...

లోపల్నుంచి. వెచ్చగా. అదే వాసన.

అప్పుడు గుర్తొచ్చాయి. మండుటెండలో రబ్బరు బూట్లు. సిమెంటు నేల మీద బావ ఉత్త కాలు. వెనక సీట్లో నా హవాయి చెప్పులు.

"బావా, కాళ్ళు కుర్చీ మీదకి ఎత్తు. ఇప్పుడే!"

ఎత్తాడు. ఆగిపోయింది.

"హమ్మయ్య" అంది అక్క. "ఏమైంది? తగ్గిందా?"

బావ జవాబు చెప్పలేదు. చీకట్లో అటూ ఇటూ చూశాడు. "ఏంటే, ఇద్దరూ మాట్లాడరేం?" అన్నాడు గట్టిగా. మరీ గట్టిగా. "ఏదో ఒకటి అనండే!"

అక్క బావ పేరు పెట్టి అరుస్తోంది. బావకి వినబడటం లేదు. ఏ చెవితోనూ.

నా చెయ్యి ఇంకా బావ భుజం మీదే ఉంది. ఇంట్లో చెప్పులు వేసుకోం కదా. నా ఉత్త పాదాల కింద నేల చల్లగా ఉంది.

ఊఁ... నా ఎడమ చెవిలో.

ఇదంతా రాస్తున్నది మంచం మీద కూర్చుని, కాళ్ళు పైకి పెట్టుకుని. పైకి పెట్టిన క్షణం నుంచీ కూత లేదు. పొద్దున్నే ఎలాగోలా షాపుకెళ్ళి ఆ బూట్లు తెచ్చుకోవాలి. ఒక్క జతే. నేనూ, పక్కగదిలో కాళ్ళు కిందకి దించని బావా, ఇద్దరం. నన్ను ముట్టుకోవద్దని అక్కకి వందసార్లు చెప్పాను. నిద్ర ముంచుకొస్తోంది. పడుకుంటే కాలు జారుతుంది. ఇల్లు ఎంత నిశ్శబ్దంగా ఉందో... వీధిలో ఒక్క బండి కూడా పోవడం లేదు.

తలెత్తాను.

అక్క గుమ్మంలో నిలబడి ఉంది. ఎంతసేపటి నుంచో తెలియదు. తన నోరు కదులుతోంది. చప్పుడు లేదు.

తన కాళ్ళకి మోకాళ్ళదాకా పెద్దాయన రబ్బరు బూట్లున్నాయి.

షాపు తాళంచెవి నా జేబులోనే ఉంది.