పదిహేడు మెతుకులు

కలహం ఉన్న ఇంట్లో సిక్యే అనే తీపి పానీయం కుదరదని కొరియాలోని నాజు ఊళ్లో ఒక వీధి ఆడవాళ్ల నమ్మకం. మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీని పిండిచేసి, నానబెట్టి, తేరిన నీళ్లలో అన్నం వేసి వెచ్చగా ఉంచితే, నాలుగైదు గంటల్లో ఆ నీళ్లు పానకంలా తియ్యనై మెతుకులు పైకి తేలాలి. మనుషులకు పొసగని చోట మాత్రం అవి అడుగునే ఉండిపోతాయట. ఆ వీధిలోనే ఉండే జొంగ్‌నిమ్ నాలుగేళ్లుగా దాని జోలికి పోలేదు.

కొత్త సంవత్సరానికి ముందురోజు ఉదయం ఆమె వంటింట్లోకి వచ్చేసరికి, బడిలో భౌతికశాస్త్రం చెప్పి రిటైరైన భర్త మన్‌సిక్ ఆమె పెద్ద గిన్నెలో థర్మామీటరు ముంచి వంగి చూస్తున్నాడు.

"పొద్దున్నే ఏమిటండీ ఈ తతంగం?"

"సిక్యే పెడుతున్నా. అరవై డిగ్రీల వేడి నిలిస్తే మెతుకు తేలి తీరాలి. మనింట్లో మాటలు వినడానికి దానికేమన్నా చెవులున్నాయా?"

"మడ్డి కూడా పోసేశారా?"

"తేటే వంచాను. ముప్పై ఏళ్లు నీ పక్కన నిలబడి చూడలేదూ?"

"నిలబడింది తాగడానికేగా!"

అతడు బీరువాలోంచి పసుపురంగు చిన్న బొంత తెచ్చి గిన్నెకు చుట్టి, గదిలో, కింది నుంచి వేడిచేసే నేల బాగా వెచ్చగా ఉండే మూలలో పెట్టాడు. అది హేవొన్ పసితనపు బొంత. ఏటా వసంతంలో ఎండకు వేసి మళ్లీ మడిచిపెట్టడం జొంగ్‌నిమ్ అలవాటు. అతడు తెలిసే తీశాడో, చేతికి తగిలింది తీశాడో ఆమెకు అంతుపట్టలేదు.

హేవొన్ వారి ఒక్కగానొక్క కూతురు. నాలుగేళ్ల కిందట, బడిలో లెక్కలు చెప్పే ఉద్యోగం మానేసి జేజు దీవికి పోయి, సముద్రంలో మునిగి నత్తలు ఏరే ఆడవాళ్ల దగ్గర పని నేర్చుకుంటానంది. "ఆ తడి బట్టలతో నా గుమ్మం ఎక్కకు" అన్నాడు తండ్రి. ఆమె ఎక్కలేదు. అంతకుముందు భార్యను "హేవొన్ అమ్మా" అని పిలిచే మనిషి, ఆనాటి నుంచి "ఇదిగో" అనసాగాడు. అడిగినవాళ్లతో, "గొడవేముంది? దానికి తీరిక లేదు" అనేవాడు. ప్రతి పండగకూ జొంగ్‌నిమ్ బియ్యపు బిళ్లల చారు మూడు గిన్నెల్లో పోసేది. మూడోదాన్ని తిరిగి కుండలోకి వంచేది.

మన్‌సిక్ పుస్తకం తెరిచి, ఉదయం ఎనిమిది, అరవై ఒక్క డిగ్రీలు అని రాసుకున్నాడు. పదకొండు కావస్తుండగా ఆమె అతడి ఎదుట కూర్చుంది.

"మెతుకులు తేలితే ఏం రుజువైనట్టు?"

"గొడవకీ మెతుకుకీ సంబంధం లేదని."

"గొడవ ఎక్కడుందండీ? లేదని ఊరంతా చెప్పారుగా! గొడవే లేని ఇంట్లో తేలితే అది ఏ నమ్మకానికి పరీక్ష? అన్నేళ్లు పిల్లలకు చెప్పారు, అలాంటిదాన్ని ఏమంటారో నాకూ చెప్పండి."

అతడు కళ్లజోడు తీశాడు. తుడిచాడు. మళ్లీ పెట్టుకున్నాడు.

"చెల్లని పరీక్ష అంటారు."

"అయితే ఉందని రాయండి. లేదా ఆ గిన్నె తీసి పారబోయండి. నా బిడ్డ బొంత నాకిచ్చేయండి!"

అతడి పెన్సిలు కదిలింది. రాసింది ఆమెకు చూపించలేదు. ఫోను తీసి, ఎప్పుడూ కొట్టని నంబరు చూసుకోకుండానే నొక్కి, స్పీకరు పెట్టి, పుస్తకంలోంచి చదివాడు: "ఇంట్లో గొడవ ఉంది. నాలుగేళ్లయింది. మొదలుపెట్టింది నేను."

అవతల గాలి హోరు. తర్వాత, "నాన్నా... ఏం చదువుతున్నావ్?"

"సిక్యే పెట్టాను."

"నువ్వా? అమ్మ ఎక్కడ? వంటిల్లు ఇంకా ఉందా?"

జొంగ్‌నిమ్ ఏడుస్తూనే నవ్వింది. "ఉందే, తల్లీ, ఉంది!"

"పండక్కి విమానాలు నిండిపోయాయమ్మా. మధ్యాహ్నం మొక్పో రేవుకి ఓడ ఉంది. ఇప్పుడే నీళ్లలోంచి లేచాను, ఒళ్లంతా తడి, తల ఆరబెట్టుకుని..."

"తడిగానే రా," అన్నాడు మన్‌సిక్.

ఫోను పెట్టేశాక ఆమె లేచి మూడు గిన్నెలు కడిగి బోర్లించి, సిక్యేలోకి అల్లం చెక్కు తీయసాగింది. కాసేపటికి గదిలోంచి పిలుపు వినిపించింది.

"హేవొన్ అమ్మా! ఇటు రా, చూడు."

కత్తి అక్కడే వదిలి వెళ్లింది. బొంత విప్పి ఉంది. మూత పక్కన ఉంది. అతడు వేలితో గాలిలో లెక్కబెట్టి, పుస్తకంలో రాస్తున్నాడు. ఆమె అతడి భుజం మీదుగా వంగి చదివింది.

పదకొండూ ఇరవై: గొడవ ముగిసింది. పన్నెండుంబావు: పదిహేడు మెతుకులు తేలాయి. పులుపు లేదు. పరీక్ష చెల్లదు.