వచ్చినప్పుడు ఎలా ఉందో అలాగే

ఆ రోజు పొద్దున కూడా పెద్దాయన పిండి కలిపే మెషీన్‌ను తడిగుడ్డతో తుడిచి, పొడిగుడ్డతో మళ్లీ తుడిచి, దాని మీద చెయ్యి వేసి కాసేపు నిలబడ్డాడు. సాయంత్రానికి అది ఇంట్లో ఉండదు. ఏడేళ్లుగా దాని మీదే బతుకు. ముందు గదిలో రొట్టెల కొట్టు, మధ్య గదిలో పొయ్యి, మెషీన్, వెనక రెండు గదుల్లో కాపురం. ఆ ఇంట్లో దుప్పటి దులిపినా కాస్త పిండి రాలేది.

మెషీన్ వాళ్లది కాదు, లీజుకు తెచ్చుకున్నది. ఆ రోజుతో గడువు సరి. మధ్యాహ్నం కంపెనీ మనిషి వచ్చి చూసి, అంతా సవ్యంగా ఉందని రాస్తే డిపాజిట్ వెనక్కి వస్తుంది. అది కడితేనే కొత్త మెషీన్. కొత్త మెషీన్ వస్తేనే ఆసుపత్రి క్యాంటీన్‌కు రొట్టెలు వేయగలరు. ఆ ఆర్డరు పోతే కొట్టు ఉన్నా లేనట్టే. ఇంటిల్లిపాదికీ ఈ సంగతి తెలుసు. తెలుసు కాబట్టే వారం రోజులుగా ఎవరూ నోరు విప్పలేదు.

విప్పింది కొడుకే. "నాన్నా, ఆ జాలీ తీసేయాలి."

"ఏ జాలీ?" అన్నాడు పెద్దాయన, అక్కడ ఇంకో పది జాలీలు ఉన్నట్టు.

"నువ్వు బిగించిందే. అగ్రిమెంటులో స్పష్టంగా రాశారు కదా. వచ్చినప్పుడు ఎలా ఉందో అలాగే తిరిగివ్వాలట. వాడకంలో అరిగితే ఒప్పుకుంటారు, మనం చేసిన మార్పు ఒప్పుకోరు. దాని ఒంటినిండా కన్నాలు పెట్టి ఇంత ఇనుము బిగిస్తే మార్పు కాక మరేంటి?"

మెషీన్ గంగాళం మీద మూతలా ఉంటుంది ఆ జాలీ. లోపల పిండిని పిసికే ఇనుప కొక్కెం తిరుగుతుంటే ఎవరి చెయ్యీ అందులోకి వెళ్లదు. జాలీ ఎత్తితే చాలు, కొక్కెం టక్కున ఆగిపోతుంది. ఆ ఏర్పాటంతా పెద్దాయన సొంత తెలివే. చూడటానికి మాత్రం అందంగా ఉండదు. కోడలు కాపురానికి వచ్చిన కొత్తలో దాన్ని చూసి, "మామయ్యా, దీనికి ముసుగెందుకు వేశారు, సిగ్గా?" అని నవ్వింది కూడా. ఆయన నవ్వలేదు.

"తియ్యొద్దు," అన్నాడిప్పుడు.

"ఎందుకు?"

"తియ్యొద్దన్నానా!"

"కారణం చెప్పు నాన్నా. అద్దె వస్తువుకి కన్నాలు పెట్టమని నీకెవరు చెప్పారు? ఒక్క మాట కంపెనీని అడిగావా? ఇప్పుడు వాళ్లు డిపాజిట్ మొత్తం మింగేస్తే ఎవరిని అడగాలి?"

పెద్దాయన పొడిగుడ్డ తీసుకుని మళ్లీ మెషీన్ తుడవసాగాడు. ఈ తండ్రీకొడుకుల వరస ఎప్పుడూ ఇంతే. కొడుకు చదువుకున్నవాడు కాబట్టి అన్నింటికీ కారణం కావాలి, తండ్రి కారణం చెప్పడమంటే ప్రాణం తీసినట్టే చేస్తాడు. మధ్యలో నలిగిపోయేది ఆడవాళ్లు.

అమ్మ గుమ్మం దగ్గరికి వచ్చింది. ఎప్పటిలాగే కుడిచేతికి తువ్వాలు చుట్టుకుని ఉంది. ఆ చేతికి చివరి రెండు వేళ్లు లేవు. కొడుకు దూరాన హాస్టల్లో ఉండి చదువుకునే రోజుల్లో కొట్టు షట్టర్ జారి పడి పోయాయన్నారు. అప్పటినుంచి కొడుకుకి ఆ షట్టర్ అంటే పగ. ఉద్యోగం వచ్చి మొదటి జీతం అందగానే పాత షట్టర్ పీకించి, ఇనుప సామాన్ల వాడికి పడేసి, వేలితో లాగినా కదిలే కొత్తది పెట్టించాడు. తండ్రి మోకాళ్లు మొరాయించాక ఉద్యోగం వదిలి కొట్టుకి వచ్చేశాడు గానీ, ఇవాళ్టికీ అమ్మను షట్టర్ ఛాయలకి కూడా రానివ్వడు.

"తీయనివ్వండి," అంది అమ్మ భర్తతో. "ఎలాగూ పోయేదే కదా."

పెద్దాయన ఆమె ముఖంలోకి చూశాడు. ఆమె తల తిప్పుకుంది. ఆయన ముందు గదిలోకి వెళ్లి, కొనేవాళ్లు ఎవరూ లేని కొట్టులో కూర్చున్నాడు.

కొడుకు జాలీ విప్పాడు. అది లేకపోతే మెషీన్ తిరగదు కాబట్టి జాలీకి ఉన్న స్విచ్ తీగలు రెండూ కలిపి చుట్టాడు. కన్నాల్లో పుట్టీ పెట్టి రంగు వేయడానికి ఇంకా సమయం ఉంది. ముందు ఆసుపత్రికి ఆఖరి పిండి కలపాలి.

కోడలు పిండి పోసి మెషీన్ వేసింది. "పోనీలెండి, ఇవాళ్టికి ముసుగు తీసి ముఖం చూపించింది," అని భర్తను నవ్వించబోయింది. అతను నవ్వలేదు. "అలా మూతి ముడుచుకుంటే రొట్టెలు పొంగవు," అంటూ అతని వైపే చూస్తూ, అంచుకు అంటుకున్న పిండిని తోయడానికి గంగాళంలోకి చెయ్యి చాచింది. మూత తీసి ఉంటే మెషీన్ ఆగే ఉంటుందని ఆమె చేతికి అలవాటు మరి. చెవికి వినబడే చప్పుడు చేతికి వినబడలేదు.

"ఒసేయ్! చెయ్యి తియ్యవే!"

ఆ కేక అమ్మ గొంతులోంచి వచ్చిందంటే నమ్మడం కష్టం. కోడల్ని భుజం పట్టి వెనక్కి లాగి పడేసింది. మూడు వేళ్ల చేత్తోనే ప్లగ్గు పీకేసింది. కొక్కెం ఇంకో చుట్టు తిరిగి ఆగింది. కోడలు నేల మీద కూర్చుండిపోయి, తన అరచేతిని అటూ ఇటూ తిప్పి చూసుకుంది. ఏమీ కాలేదు. అయినా ఆమెకు ఏడుపు ఆగలేదు.

అమ్మ కొడుకు వైపు తిరిగింది. "నీ చేత్తో నువ్వే తీశావు కదరా. నీ పెళ్లాం చెయ్యి కూడా దానికి పెడదామనుకున్నావా?"

"కూడా ఏంటమ్మా? నాకేం తెలుసు..."

"నీకు తెలియదు. తెలియనివ్వలేదు." అమ్మ తువ్వాలు విప్పి ఆ చేతిని కొడుకు కళ్ల ముందు పెట్టింది. "షట్టర్ కాదురా. నా వేళ్లు తీసింది ఈ మహాతల్లి."

చప్పుడు విని వచ్చిన పెద్దాయన గుమ్మంలోనే ఆగిపోయాడు. "ఎందుకు చెప్పావే?" అన్నాడు నీరసంగా.

"ఇంకెన్నాళ్లు మొయ్యమంటారు? మీరు మోసింది చాల్లేదా?"

కొడుకు తువ్వాలు లేని ఆ చేతిని చూశాడు. "ఎందుకు దాచారు?" అని మాత్రం అడిగాడు.

"చెబితే ఏమవుతుందో నువ్వే అగ్రిమెంటు చదివి వినిపించావు కదరా ఆమధ్య," అంది అమ్మ. "ప్రమాదం జరిగితే వెంటనే తెలపాలి, వాళ్లొచ్చి చూసేదాకా మెషీన్ ఆపాలి, అవసరమైతే పట్టుకుపోతారు. అప్పటికి అది వచ్చి నిండా ఏడాది కూడా కాలేదు. నీ కాలేజీ ఫీజు కట్టాల్సిన నెల. మెషీన్ ఆగితే ఏం పెట్టి కడతాం? ఆసుపత్రికి పోతూ దారిలో నేనే అన్నాను, షట్టర్ పడిందని చెప్పండి అని. మీ నాన్న ఒప్పుకోలేదు. ఒట్టు వేయించుకున్నాను. మర్నాడు ఆ మనిషి డ్రిల్ తెచ్చుకుని, తలుపేసుకుని, రోజంతా దాని ముందే కూర్చున్నాడు. ఆ కన్నాలు అప్పటివి."

"మరి నేను షట్టర్ మార్పించిన రోజు..."

పెద్దాయన ఇప్పుడు మాట్లాడాడు. "నువ్వు దాన్ని కాలితో తన్ని తిట్టావు. నీ జీతమంతా దాని మీద పెట్టావు. నేను చూస్తూ నిలబడ్డాను. అంతకంటే ఏం చెయ్యగలనురా? నిజం చెబితే, నీ చదువు కోసమే అమ్మ వేళ్ల సంగతి దాచిందని నీకు తెలుస్తుంది. అది తెలిసి నువ్వు ఎలా బతుకుతావు?"

కొడుకు వెళ్లి తండ్రి కాళ్ల దగ్గర కూర్చున్నాడు. పొద్దున అన్న ప్రతి మాటా ఒక్కొక్కటే గుర్తొచ్చింది. నీకెవరు చెప్పారు? ఎవరిని అడగాలి? ఆయన మోకాలి మీద తల పెట్టి వెక్కి వెక్కి ఏడ్చాడు. పెద్దాయన పిండి అంటిన చేత్తోనే అతని జుట్టు నిమిరాడు.

మధ్యాహ్నం కంపెనీ మనిషి లారీతో సహా దిగాడు. దళసరి కళ్లజోడు పెట్టుకున్న నెమ్మదస్తుడు. మెషీన్ చుట్టూ తిరిగాడు, వంగి చూశాడు, కన్నాల మీద వేలు పెట్టి రుద్దాడు.

"ఇదేంటి బాబూ?" అన్నాడు.

కొడుకు ఏదీ దాచకుండా అంతా చెప్పాడు. అమ్మ చెయ్యి చూపించింది.

"అప్పుడే తెలపాల్సింది," అన్నాడు కళ్లజోడాయన. "మూత లేకుండా ఇచ్చినందుకు తప్పు మాదే అయ్యేదేమో. ఇప్పుడు ఏ ఆధారముంది? ఆసుపత్రి కాగితాల్లో ఏం రాయించారు?"

"షట్టర్," అన్నాడు పెద్దాయన.

"అదీ సంగతి. పైగా ప్రమాదం దాచడం కూడా షరతు తప్పినట్టే. నేను విన్నది విన్నట్టు రాస్తే మీకు దమ్మిడీ రాదు." చుట్టూ చూసి గొంతు తగ్గించాడు. "నాకూ పిల్లలున్నారు. నేనలా బయటికి పోయి టీ తాగి వస్తాను. ఈలోగా కన్నాలు పూడ్చి రంగు వేసెయ్యండి. ఇనుము ఇక్కడ ఉండకూడదు. వాడకంలో అరిగిందని రాసేస్తాను. మీ డిపాజిట్ మీకొస్తుంది."

ఇంతకంటే మంచిమాట ఎవరు చెబుతారు? కోడలు భర్త వైపు ఆశగా చూసింది. పెద్దాయన జాలీ వైపు చూశాడు. అది గోడకు ఆనించి ఉంది.

అమ్మ అడిగింది. "ఇది ఇక్కడినుంచి ఎక్కడికి పోతుంది బాబూ?"

"బాగుచేసి మళ్లీ లీజుకు ఇస్తారమ్మా. కొత్తది కొనలేనివాళ్లకి. మీలాంటి చిన్న కొట్లకే."

"మూత పెట్టి ఇస్తారా?"

ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "ఎలా వచ్చిందో అలాగే ఇస్తారు."

"ఎలా వచ్చిందో అలాగే," అంది అమ్మ. "వచ్చినప్పుడు దానికి జాలీ లేదు. నాకు వేళ్లున్నాయి."

కోడలు తన చేతిని మరోసారి చూసుకుంది. తర్వాత లేచి వెళ్లి, మామయ్య పెట్టెలోంచి స్పానర్ తెచ్చి భర్త చేతికిచ్చింది. అతను చుట్టిన తీగలు విప్పి, జాలీ ఎత్తి, పాత కన్నాల్లోనే బోల్టులు పెట్టాడు. పెద్దాయన మోకాళ్లు పట్టుకుంటూ వచ్చి అవతలి వైపు పట్టుకున్నాడు. కొడుక్కి ఏ బోల్టు ఎక్కడిదో ఆయనే చూపించాడు. ఆ ఇద్దరూ కలిసి, గొడవ పడకుండా ఒక పని చేయడం ఆ ఇంట్లో చాన్నాళ్లకి జరిగింది.

"డిపాజిట్ మీద ఆశ వదులుకున్నట్టే బాబూ," అన్నాడు కళ్లజోడాయన. "మా వర్క్‌షాప్‌లో వాళ్లు దీన్ని కోసేసినా కోసేస్తారు."

"కోస్తే కొయ్యనివ్వండి. మా చేత్తో మాత్రం కాదు." కొడుకు ఆఖరి బోల్టు బిగించి లేచాడు. "అమ్మ వేళ్ల సంగతి కూడా రాయండి. ప్రమాదం జరిగిందని, మేం దాచామని, మూత లేకపోవడం వల్లే జరిగిందని. కోసేవాడు అది చదివి కోస్తాడు."

ఆయన రాశాడు. రాసింది చదివి వినిపించాడు. పెద్దాయన సంతకం పెట్టాడు.

గంగాళంలోని ఆఖరి పిండి తీశాక మెషీన్‌ను నలుగురు కూలీలు మోసుకెళ్లారు. అది ఉన్నచోట నేల మీద పిండి గడ్డకట్టి, నాలుగు కాళ్ల గుర్తులు మిగిలాయి. కోడలు వాటిని కడగబోతే అమ్మ ఇవాళ వద్దంది. కొడుకు ఆసుపత్రి క్యాంటీన్‌కు ఫోన్ చేసి రేపటినుంచి రొట్టెలు పంపలేమని చెప్పాడు. అవతలివాళ్లు కారణం కూడా అడగలేదు. ఇంకొకరిని చూసుకుంటామని పెట్టేశారు. ఏళ్ల తరబడి వేసిన రొట్టెలకు అంతే మర్యాద.

"రేపు పొద్దున్నే లేవాలి," అన్నాడు పెద్దాయన. "చేత్తో కలిపితే ఎంతవుతుందో అంతే అమ్ముదాం. వీధిలో వాళ్లకి సరిపోతే చాలు."

"నీ మోకాళ్లతోనా?" అన్నాడు కొడుకు.

"పిండి కలిపేది మోకాళ్లతో కాదురా."

కోడలు ఏడుస్తూనే నవ్వింది. నవ్వినంత మాత్రాన ఏం తీరుతుంది? రేపు ఎలాగో, వచ్చే నెల ఎలాగో ఎవరికీ తెలియదు. కొట్టు నిలబడుతుందన్న ధైర్యం ఏ ఒక్కరి ముఖంలోనూ లేదు.

చీకటి పడుతుంటే కొడుకు షట్టర్ దించడానికి వెళ్లాడు. అమ్మ వెనకే వచ్చింది. అలవాటు కొద్దీ, "నువ్వు దూరంగా ఉండమ్మా," అనబోయి ఆగిపోయాడు.

అమ్మ తువ్వాలు భుజాన వేసుకుని, ఆ కుడిచేత్తోనే షట్టర్ పట్టుకుంది.

"పాపం, దీని అమ్మమ్మ, ఆ పాత షట్టర్, ఏ పాపం చేసిందని తిట్టి పంపించావురా," అంది. "నేను పక్కనే నిలబడి, అది చెయ్యలేదని ఒక్క మాట చెప్పలేకపోయాను."

మెల్లగా కిందికి లాగింది. చప్పుడు లేకుండా దిగింది. కొడుకు అడ్డు చెప్పలేదు. తాళం చెవి ఆమె చేతిలో పెట్టి, ఆ మూడు వేళ్లనూ తన రెండు చేతుల్లోకి తీసుకుని, కళ్లకద్దుకున్నాడు.